తాండూరులో నా ఏకైక పాఠకుడు

వికారాబాదు వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: "అక్కడేముందండీ?" చల్లటి కొండ ఉంది, పాత గుడి ఉంది, ఇంకాస్త ముందుకెళ్తే తాండూరులో బండరాళ్ళూ కందులూ ఉన్నాయి. నేను మాత్రం వీటిలో దేనికోసమూ వెళ్ళలేదు. కంప్యూటర్లకు మన భాషలు నేర్పే పనిలో ఉన్నవాళ్ళంతా అక్కడి రిసార్టులో రెండు రోజులు కూడుతున్నారంటే వెళ్ళాను. కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ సదస్సు అంటారు దాన్ని. ఆ పేరు మా అత్తగారికి నోరు తిరిగేసరికి రైలు తణుకు దాటి ఏలూరు చేరింది.

అత్తగారి పేరు రత్నమ్మ. ఆ కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి ఉందని ఎవరో చెప్పారట, బ్యాగు సర్దుకుని ముందే తయారై కూర్చున్నారు. "నువ్వు నీ కంప్యూటర్ల దగ్గరకెల్లు, నేను నా సామి దగ్గరకెల్తాను" అన్నారు.

నేను తణుకులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. కొన్నేళ్ళ కిందట తెలుగు క్రియలను విడగొట్టి అర్థం చేసుకునే ఒక ప్రోగ్రాం రాశాను. దాని మీద ఒక పరిశోధనా వ్యాసమూ రాశాను. వెళ్ళే ముందు మా ప్రిన్సిపల్‌గారు పిలిచి, "మేడం, పరిశోధన అంటున్నారు. మరి దాని ప్రభావమేదీ? పరీక్షల విభాగం ఖాళీగా ఉంది, చూసుకోండి. సోమవారం చెప్పండి" అన్నారు. ప్రభావం అంటే ఆయన లెక్కలో సైటేషన్లు. అంటే వేరేవాళ్ళు తమ వ్యాసం చివర, ఫలానావారి మాటను ఆధారం చేసుకున్నాం అని మన పేరు రాయడం. నాకు ఒక్కటుంది.

వికారాబాద్

డిసెంబరు చలి. స్టేషను బయట ఒకామె గంపలో ఏవో పచ్చటి కాయలు పెట్టుకుని కూర్చుంది. పొగలు వస్తున్నాయి.

"ఏంటమ్మా ఇయ్యి?" అన్నారు అత్తగారు.

"కందికాయలు. ఉప్పేసి ఉడకబెట్టిన."

అత్తగారు మిగతా మాట కోసం చూశారు. రాలేదు. "ఉడకబెట్టిన ఏంటి?" అన్నారు.

"కందికాయలే అమ్మా. ఇగ వేరే ఏముంటయ్?"

గ్లాసు ఇరవై రూపాయలు. మా వైపు కందిపప్పు కొట్టు నుంచి వస్తుందని తెలుసుగానీ, దాన్ని ఇలా పచ్చిగా కాయతో ఒలుచుకు తింటారని నాకు ఈ వయసులో తెలిసింది. రిసార్టు చేరేదాకా అత్తగారు ఒలుస్తూనే ఉన్నారు, ఆటో నిండా తొక్కలు. "గంతనే అమ్మా, ఎంకకు పోంగ నేనే ఊడ్చుకుంట" అన్నాడు ఆటో ఆయన.

రిసార్టులో అత్తగారికీ మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. దాంతో ఆవిడ స్వామిని మర్నాటికి వాయిదా వేశారు. భోజనాల దగ్గర కళ్ళజోడు కుర్రవాడొకడు వినయంగా వచ్చి, "మీ ఏరియా ఏమిటండీ?" అని అడిగాడు. ఏ విషయం మీద పరిశోధన అని అతని భావం.

"తణుకు దగ్గర ఏల్పూరు, బాబూ."

"ఓ, ఫీల్డ్ వర్కా? ఎన్నాళ్ళు చేశారు?"

"పెళ్ళయిన కాడ్నించీ" అన్నారు అత్తగారు. అతను చాలా గౌరవంగా తల ఊపి వెళ్ళిపోయాడు.

గోడల పొడుగునా పోస్టర్లు అంటించారు. అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. పెద్ద కంపెనీలు తయారు చేసిన భాషా యంత్రాన్ని తెచ్చుకోవడం, దానికి మన భాష కాస్త తినిపించడం, ముందుదానికన్నా పిసరంత మెరుగైందని ఒక గీత పైకి గీయడం. పూర్వం ఇదే సదస్సు సంచికల్లో ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి చేసిన నిఘంటువు, ఇంకొకరు ఒక జిల్లా మాట మీద రాసిన వ్యాకరణం కనిపించేవి. ఇప్పుడు ఒక్కో వ్యాసం కింద పెళ్ళి శుభలేఖ మీద ఉన్నన్ని పేర్లుంటున్నాయి, లోపల విషయం మాత్రం ముహూర్తం అంత ఉంటోంది.

నా ప్రసంగం సరిగ్గా ఈ విషయం మీదే. మనం రాసే వ్యాసాలు ఎవరికి పనికొస్తున్నాయి అని. ఆ సదస్సు పాత సంచికలన్నీ తిరగేసి, ఎవరు ఎవరిని ఉదహరించారో చూశాను. చాలా వ్యాసాల వైపు ఎవరూ తొంగి చూడలేదు. చూసినవాళ్ళు ఎక్కువగా రాసినవాళ్ళే: మన పెళ్ళికి మనమే చదివింపులు రాసుకున్నట్టు తమ కొత్త వ్యాసంలో తమ పాత వ్యాసాన్ని మెచ్చుకున్నారు. కొందరు జట్లుగా ఏర్పడి నువ్వు నన్ను, నేను నిన్ను అని వంతులు వేసుకున్నారు. ఈ మాట అనగానే హాల్లో కొందరు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. జట్లు ఎక్కడెక్కడ కూర్చున్నాయో వేదిక మీంచి స్పష్టంగా తెలిసింది.

చివర్లో ముందు వరసలోంచి తెల్లగడ్డం ప్రొఫెసర్ ఒకాయన లేచారు. "బాగా లెక్కపెట్టారమ్మా. మరి మీ వ్యాసం సంగతి?"

"ఒకరు ఉదహరించారండీ."

"మీరేనా?"

"కాదండీ. తాండూరులో ప్రభుదాస్ గారని ఒక తెలుగు లెక్చరర్. ఆయన వ్యాసం ఏదో కాలేజీ సెమినార్ పుస్తకంలో వచ్చింది. పేరూ, ఆయన ఉదహరించిన వ్యాసాల పట్టికా మాత్రమే నెట్‌లో ఉన్నాయి. లోపల ఏం రాశారో నాకు దొరకలేదు."

"అయితే ఆయన చదివి రాశారో, ఖాళీ పూరించడానికి రాశారో మీకూ తెలీదు. లెక్క తెలిస్తే చదివినట్టు కాదు కదా." ఆయన నవ్వుతూనే అన్నారు. "తాండూరు ఇక్కడికి దగ్గరే. వెళ్ళి దర్శనం చేసుకురండి."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. చివరి వరసలో కూర్చున్న అత్తగారు మాత్రం నవ్వలేదు. బయటికి రాగానే చెయ్యి పట్టుకున్నారు. "ఊరూ పేరూ తెలీని మనిషి నీ పేరు తలుచుకున్నాడంటే ఎంత మాటే? ఇంత దగ్గర కొచ్చి చూడకుండా పోతే బాగోదు. ఎల్లొద్దాం."

నిజానికి నాకూ వెళ్ళాలనే ఉంది. ఆ ఒక్కడూ చదివే రాసుంటే పరిశోధన సాగించాలనీ, లేకపోతే పరీక్షల విభాగానికి సరేననాలనీ అక్కడికక్కడే మనసులో పెట్టుకున్నాను.

నిర్వాహకుల దగ్గర ఆయన నంబరు దొరికింది. ఫోన్ ఎత్తగానే వెనక రాయి కోసే మిషన్ల కీచుమోత.

"నేను తణుకు నుంచి సుధారాణిని అండీ. మీ వ్యాసంలో నా పేపరు ఉదహరించారు."

మిషన్ ఆగాక గొంతు వినిపించింది. "మేడం, మీరా? ఏమన్న పరేషాన్ అయిందా మేడం?"

"లేదండీ. ఒకసారి మాట్లాడదామని. మా అత్తగారు కూడా వస్తున్నారు."

"అత్తమ్మ గూడనా?" మిషన్ మళ్ళీ మొదలైంది. "సరే మేడం, రాండి. రేపు ఐతారం గద, ప్రార్థనకు పోయొచ్చి ఇంటికాడనే ఉంట. ఇంటి ముంగట నీలం బండలుంటయ్, పైన నక్షత్రం కట్టినం. మీకు ఎర్కయితది."

పిలుపులో ఆప్యాయత ఉంది, గొంతులో ఏదో వణుకుంది. సంతోషం పట్టలేక అనుకున్నాను.

అనంతగిరి

ఆదివారం పొద్దున్నే స్వామి దర్శనం అయింది. మూసీ ఇక్కడే పుట్టిందంటే, హైదరాబాదులో దాన్ని చూసినవాళ్ళెవరూ నమ్మరు. పూర్వం ఈ గాలి కోసమే ఇక్కడ క్షయరోగుల ఆసుపత్రి కట్టారట. అత్తగారు ఆ మాట విన్నప్పటినుంచీ బలవంతంగా గాలి పీల్చి పీల్చి, మెట్లు దిగేసరికి తల తిరుగుతోందన్నారు. టిఫిను పెట్టించాను. ఇడ్లీకి పల్లీ చట్నీ ఇచ్చారు. అల్లప్పచ్చడి అడిగితే, "అల్లం చాయ్‌ల ఉంటదమ్మా" అన్నాడు హోటలాయన, న్యాయంగానే.

బస్సు

తెలంగాణ బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. అత్తగారికి ఈ సంగతి తెలుసు. కండక్టరమ్మ రాగానే దర్జాగా ఆధార్ కార్డు తీసి చూపించారు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఆంధ్రది గదమ్మా. టికెట్ తీస్కోవాలె."

"మా ఊళ్ళోనూ మాకు ఉచితమేనమ్మా."

"అయితె మీ ఊళ్ళ ఎక్కున్రి."

అత్తగారికి కోపం రావలసిన మాటే. కానీ కండక్టరమ్మ టికెట్టు కొట్టి పక్క సీట్లో కూర్చుని, "మీ దిక్కు గూడ ఫ్రీ ఐపోయిందా? మస్తు రష్ అయితదా?" అని కష్టసుఖాలు అడిగింది. తర్వాత దారంతా ఇద్దరూ, ఉచిత బస్సులో మగవాళ్ళకు సీటు దొరకడం లేదన్న విషయం మీద జాలిపడుతూ నవ్వుకున్నారు.

కిటికీ బయట కంది చేలు, పత్తి చేలు, నల్లరేగడి. తాండూరు దగ్గర పడేకొద్దీ నేల మీద మట్టి తగ్గి రాయి పెరిగింది. చేల గట్ల మీద కంచెకు కట్టెల బదులు నిలువు బండలు పాతారు. మేకల కొట్టానికి బండలు, టీకొట్టు బల్లకు బండ, మురిక్కాలవ మీద బండ. మా వైపు ఇంట్లో నాలుగు బండలు పరిపిస్తే చుట్టాలను పిలిచి చూపిస్తాం.

తాండూరు: నక్షత్రాల వీధి

ఆటో మమ్మల్ని వీధి మొదట్లో దించింది. నీలం బండల గుమ్మం, పైన కాగితపు నక్షత్రం ఉన్న ఇంటికోసం చూశాను. క్రిస్మసు నెల. వీధిలో దాదాపు ప్రతి ఇంటి మీదా నక్షత్రముంది. తాండూరులో నీలం బండ లేని గుమ్మం ఎక్కడుంటుంది?

అత్తగారు అన్నిటికన్నా పెద్ద నక్షత్రాన్ని ఎంచుకుని లోపలికి నడిచారు. ఒక ముసలాయన కుర్చీలు వేశాడు, చాయ్ వచ్చింది. అత్తగారు వాళ్ళ కోడలు పురుడు సంగతి అడిగి తెలుసుకున్నారు, తన మోకాళ్ళ సంగతి చెప్పారు. నేను మూడోసారి "ప్రభుదాస్ గారు ఇంకా రాలేదాండీ?" అన్నాక ఆయన, "ప్రభుదాస్ సార్ ఇల్లు గా మూల మీద ఉంటది బిడ్డా. మీరు మా మనుమరాలిని చూడనీకె వచ్చిన్రు అనుకున్న" అన్నాడు. చాయ్ గ్లాసు ఖాళీ చేసే లేచారు అత్తగారు.

ప్రభుదాస్ గారిల్లు

మూల మీది ఇల్లు చిన్నదే. లోపలికి వెళ్ళగానే మధ్యగదిలో, గోడకు పెట్టిన పెద్ద కుర్చీలో తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చుని ఉన్నారు. పక్కనే నిలబడి ఉన్న నలభై ఏళ్ళ మనిషి తొడుక్కున్న కొత్త చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు. ఆయనే ప్రభుదాస్. ఆయన భార్య సుగుణ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఈయన మా పెద్దబాపు మేడం. బొంరాస్‌పేట నుంచి పొద్దుగాల బస్సుకు వచ్చిండు" అన్నారు ప్రభుదాస్.

పెద్దబాపు, అంటే పెదనాన్నగారు, గొంతు సవరించుకున్నారు. "సూడమ్మా. పోరడు ఎర్కలేక రాసిండు. సదువుకున్నోడు, గని జర తొందర మనిషి. మీరు అత్తమ్మను ఎంబడి పెట్టుకొని అంత దూరంకెళ్ళి వచ్చిన్రంటె మనసుకు ఎంత తాకిందో మాకు సమజైంది. ఇగ పది మందిల పెట్టకుండ, ఈడనే తెగ్గొట్టుకుందాం. ఏం చెయ్యమంటరో చెప్పున్రి."

నాకేమీ అర్థం కాలేదు. అత్తగారు మాత్రం ఇది పంచాయితీ అని పసిగట్టి కుర్చీలో కుదురుకున్నారు. చెంగు సర్దుకుని, "అసలు ఏం రాశాడండీ?" అన్నారు.

"రాసింది ఎనుకకు తీస్కుంటడమ్మా. గా మేడం పేరే తీసేస్తడు. పుస్తకమేసినోళ్ళతోని గూడ మాట్లాడిండు."

"అయ్యో, వద్దండీ" అన్నాను కుర్చీలోంచి లేచి. "దయచేసి తీసెయ్యకండి. నాకున్నది అదొక్కటే."

సుగుణ గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేసింది. "అంటే అక్కా, మీరు లొల్లి పెట్టనీకె రాలేదా?"

"థాంక్స్ చెబుదామని వచ్చానమ్మా."

ప్రభుదాస్ గారు బండ నేల మీదే కూలబడ్డారు. నిన్న సాయంత్రం నుంచి ఆ మనిషి అన్నం తినలేదట. ఫోన్ పెట్టేశాక, ఆంధ్ర నుంచి మేడం అత్తగారిని తీసుకుని వస్తోందంటే ఇది మామూలు గొడవ కాదని భార్యాభర్తలిద్దరూ తీర్మానించుకుని, తమ తరఫున ఒక పెద్దమనిషి ఉండాలని పెద్దబాపుకు కబురు పెట్టారు. పెద్దబాపు కర్ర గోడకు ఆనించి, "గీ మాట ముందుగాల చెప్పొద్దా. నేను తొవ్వ పొడుగుత ఏం మాట్లాడాల్నో అనుకుంట వచ్చిన" అన్నారు, కాస్త నిరాశగా.

"ఇంతకీ ఎందుకు భయపడ్డారండీ? ఏం రాశారు?" అని అడిగాను.

ఆయన తల గోక్కున్నారు. "మేడం, మీ ప్రోగ్రాం మంచిగుంది. రెండు సార్లు చదివిన మీ వ్యాసం. నెట్‌ల పెట్టిన్రు గద, దాన్ని నడిపి గూడ చూసిన. గని..." ఆయన సుగుణ వైపు చూశారు. ఆమె చెప్పమన్నట్టు తల ఆడించింది. "మా తాండూరు మాటకు అది పనిచెయ్యదు అని రాసిన. గదే."

ఇంత దూరం వచ్చి వెతుక్కున్న నా ఒక్క పాఠకుడు, నేను తప్పని చెప్పడానికే నా పేరు రాశాడన్న మాట. నవ్వు ముఖం పెట్టాలనుకున్నాను, రాలేదు. మంచినీళ్ళు తాగాను.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "మా సుధ మిషను పని చెయ్యకపోవడమేంటండీ? రాత్రీ పగలూ కూర్చుని చేసింది. ఏదీ, చూపించండి."

లాప్‌టాప్ తెచ్చారు. మేము చెప్పింది ప్రభుదాస్ గారు టైపు చేస్తారు, ప్రోగ్రాం అది సరైన వాక్యమో కాదో చెబుతుంది. మొదటి వాక్యం సుగుణది.

"నేను కూర వండుతున్న."

వాక్యం అసంపూర్తి, అంది ప్రోగ్రాం.

నాకు వెంటనే తెలిసింది ఏం జరిగిందో. పుస్తకాల తెలుగులో 'వండుతున్న' తర్వాత ఇంకో మాట రావాలి. వండుతున్న మనిషి, వండుతున్న కూర. అందుకని నా ప్రోగ్రాం ఆ మనిషి కోసం కాచుకుని కూర్చుంది. ఇక్కడేమో వండుతున్నాను అంటే వండుతున్న, అంతే.

"ఎట్ల అసంపూర్తి?" అంది సుగుణ. "వండుతున్న అని చెప్తున్న గద. కూర గూడ ఐపోవట్టె."

పెద్దబాపు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "నాది రాయి. నేను పొద్దున బస్సుకు వచ్చిన."

అసంపూర్తి.

"నేను బొంరాస్‌పేటకు పోతున్న."

అసంపూర్తి.

"డెబ్బై ఏండ్ల సంది మాట్లాడుతున్న," అన్నారు పెద్దబాపు నా వైపు తిరిగి, "ఒక్కటి గూడ పూర్తి కాలేదా బిడ్డా?"

సుగుణ పుట్టిల్లు అవతల కర్ణాటకలో సేడం. ఆమె ఏదో కన్నడంలో అని పకపకా నవ్వింది. దాన్ని తెలుగులోకి మార్చి చెప్పడానికి ప్రభుదాస్ గారు ఒప్పుకోలేదు.

ఇక్కడ అత్తగారు రంగంలోకి దిగారు. "మీదంటే ఏదో ఇక్కడి యాస. మాది గోదారి తెలుగు. పుస్తకాల్లో ఉండేదే మాది. నేను చెప్తన్నాను, రాయండి. రాత్రి బండికి ఎల్తన్నాం."

ప్రోగ్రాం కాస్త ఆలోచించింది. తెలియని పదం, అంది.

"సరిగ్గా కొట్టారా?"

"మీరన్నట్టే కొట్టిన అమ్మా."

"ఇంకోటి రాయండి. ఆడు నా మాట ఇంటన్నాడు."

తెలియని పదం. తెలియని పదం.

"మాదన్న సగం తెల్సిందమ్మా," అన్నారు పెద్దబాపు ఓదార్పుగా, "మీది మొత్తమే తెల్వలే."

అందరూ నవ్వారు. అత్తగారు నవ్వుతూనే నా వైపు తిరిగారు. "ఇన్నేళ్ళూ నా పక్క గదిలో కూర్చునేగా చేశావు దీన్ని? నేను మాట్లాడేది నీకు ఒక్కసారీ ఇనపడలేదా?"

వార్తాపత్రికలూ పాఠ్యపుస్తకాలూ పోగేసి దానికి నేర్పాను. నేను పని చేసుకునే గదికీ వంటింటికీ మధ్య ఒక్క గోడే. ఆవిడ గొంతు వినిపిస్తే ధ్యాస చెడుతుందని తలుపు వేసుకునేదాన్ని.

జొన్నరొట్టె

భోజనం బండ మీద చాప పరిచి పెట్టారు. జొన్నరొట్టెలు, తాండూరు కందిపప్పు, పుంటికూర, ఉల్లిగడ్డ, చల్ల. పప్పు అలా మెత్తగా, నెయ్యి వేయకుండానే నెయ్యి వేసినట్టు ఎలా ఉందో ఇప్పటికీ నాకు తెలీదు. నేల గుణం అన్నారు. పుంటికూర అంటే ఏదో కొత్త కూర అనుకుని అత్తగారు అనుమానంగా నోట్లో పెట్టుకున్నారు. "గోంగూరేనే" అన్నారు, పరాయి ఊళ్ళో తెలిసినవాళ్ళు కనిపించినట్టు. జొన్నరొట్టె మాత్రం తుంచడం రాక రెండు చేతులా పట్టుకుంటే, సుగుణ పక్కన కూర్చుని తుంచి ఇచ్చింది.

తినడం అయ్యాక నేను ప్రభుదాస్ గారిని అడిగాను. "అసలు మీకెందుకండీ ఇదంతా? మీ కాలేజీలోనూ సైటేషన్లు అడుగుతున్నారా?"

"మా కాలేజీల అసుంటియి ఎవరడుగుతరు మేడం? మా పిల్లల కోసమని చూసిన." ఆయన ఇప్పుడు తడబడటం లేదు. "మా పిల్లలు రాళ్ళ పనికి పోయేటోళ్ళ బిడ్డలు, చేన్ల పనికి పోయేటోళ్ళ బిడ్డలు. మా నాయిన గూడ గదే పని చేసిండు. ఇంట్ల ఎట్ల మాట్లాడుతరో పరీక్షల గట్లనే రాస్తరు. ఫోన్ల టైపు చేస్తె కింద ఎర్రగీత వస్తది. ఇగ వాళ్ళకు తెలుగే రాదు అని వాళ్ళే అనుకుంటున్నరు. మీ వ్యాసం చూసినప్పుడు, ఈ మేడంకు చెప్తె సరి చేస్తది అనిపించింది. మీకు రాద్దామంటె ఏమనుకుంటరో అని భయమైంది. అందుకే వ్యాసంల రాసిన. ఎప్పటికన్న చూస్తరు గద అని."

సదస్సు హాల్లో నిన్న రోజంతా ప్రభావం గురించి విన్నాను, నేనూ మాట్లాడాను. అన్ని గ్రాఫుల్లోనూ ఎవరూ చెప్పని సంగతి ఇది: ఒకరు తప్పని రాసింది అవతలి మనిషిని పిలవడానికట.

సాయంత్రం దాకా కూర్చున్నాం. ప్రోగ్రాంలో ఎక్కడ మార్చాలో నేను చెప్పాను, ఏ మాటలు కావాలో ఆయన చెప్పారు. అత్తగారు, సుగుణ ఆ పెద్ద నక్షత్రం ఇంటికి వెళ్ళి పాపను చూసి వచ్చారు. బయల్దేరేటప్పుడు పెద్దబాపు తలపాగా సర్దుకుంటూ, "పంచాయితి మంచిగైంది" అన్నారు. మాకు సుగుణ కందిపప్పు మూట కట్టి ఇచ్చింది. దాన్ని రైల్లో అత్తగారు తల కింద పెట్టుకుని పడుకున్నారు.

మళ్ళీ తణుకు

సోమవారం ప్రిన్సిపల్‌గారి దగ్గరికి వెళ్ళి, పరిశోధన మాననని చెప్పాను. ఆయన చాలా సంతోషించి, పరీక్షల విభాగం కూడా నాకే ఇచ్చారు. అంచేత పగలు ప్రశ్నపత్రాలకు సీళ్ళు వేస్తాను, సాయంత్రం తాండూరుతో ఫోన్. ప్రభుదాస్ గారు పిల్లల చేత మాట్లాడించిన మాటలు పంపిస్తారు. ఇటు గోదావరి మాటలకు నేను అత్తగారి ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టాను.

అక్కడే చిక్కు వచ్చింది. రికార్డు నొక్కగానే ఆవిడ నిటారుగా కూర్చుని, "ప్రియమైన శ్రోతలకు నమస్కారం. నేను ఇప్పుడు వంకాయ కూర వండుతున్నాను" అని వార్తలు చదివినట్టు చదివేవారు. పది రోజులు ఇదే తంతు. నా ప్రోగ్రాం ఆవిడను పూర్తిగా మెచ్చుకుంది, నాకేమో ఒక్క పనికొచ్చే మాట దొరకలేదు.

చివరికి ఒకరోజు రికార్డు ఆపడం మరిచిపోయి, నా ఫోన్ అక్కడే వదిలి బయటికి వెళ్ళాను. తిరిగొచ్చి విన్నాను. అందులో అత్తగారు తన ఫోన్లో సుగుణతో మాట్లాడుతున్నారు, పాప బారసాల గురించి, మోకాళ్ళ గురించి, ఆ తర్వాత నా గురించి. "ఏం సెప్పమంటావమ్మా, మా కోడలు ఇంట్లో మాట ఇనదు గానీ ఊళ్ళోళ్ళ మాటలన్నీ ఏరుకుంటా తిరుగుద్ది." మార్చిన ప్రోగ్రాంకు ఆ వాక్యం వేశాను. ఒక్క పదమూ వదలకుండా విడగొట్టింది. కర్త ఎవరో కూడా సరిగ్గా చెప్పింది.

ప్రభుదాస్ గారూ నేనూ కలిసి రాస్తున్న వ్యాసంలో దాన్నే మొదటి ఉదాహరణగా పెట్టి తాండూరు పంపాను. ప్రభుదాస్ గారు ఫోన్ చేశారు. గొంతులో మళ్ళీ ఆ పాత వణుకు.

"మేడం, గీ ఉదాహరణ ఉంచుదామా, తీసేద్దామా? పది మంది చదువుతరు."

నేను వంటింట్లోకి వెళ్ళి అత్తగారికి ఆ వాక్యం చదివి వినిపించి, తీసెయ్యమంటారా అని అడిగాను. ఆవిడ చేతిలోని వంకాయ తరగడం పూర్తి చేసి, ముక్కలు ఉప్పునీళ్ళలో వేశారు.

"నిజమేగా," అన్నారు. "ఉంచు."